జ్వరం సరే.. దాని పేరేంటి?

వానలు మొదలైతే చాలు.. ఇంటింటా జ్వరాలే. గద్వాల అయినా, వనపర్తి అయినా, నాగర్‌కర్నూల్ అయినా ఆసుపత్రి ఓపీ ముందు వరుసలు పెరుగుతాయి. చీటీ మీద ఒకరికి ‘వైరల్ ఫీవర్’ అని ఉంటుంది. ఇంకొకరికి ‘టైఫాయిడ్’, మరొకరికి ‘డెంగీ అనుమానం’. ఇంటికొచ్చాక పెద్దవాళ్లు అడిగితే మనం చెప్పేది మాత్రం ఒక్కటే మాట: ‘ఏదో విషజ్వరమంట!’ నిజానికి ఆ పేరులోనే చాలా విషయం ఉంటుంది. ఏ మందు వాడాలి, ఏది వాడకూడదు, ఇంట్లో మిగతావాళ్లకు వస్తుందా, దోమను చంపాలా, నీళ్లు కాచుకోవాలా.. ఇవన్నీ పేరును బట్టే తేలుతాయి. మరి జబ్బులకు ఈ పేర్లు ఎవరు పెడతారు? ఎలా పెడతారు? పేరు తప్పితే ఏమవుతుంది?

కంటికి కనిపించిందే పేరు

సూక్ష్మదర్శినులు, రక్తపరీక్షలు లేని కాలంలో జబ్బును గుర్తుపట్టడానికి ఉన్న ఆధారం కళ్లే. అందుకే మన పాత పేర్లన్నీ బొమ్మ గీసినట్టు ఉంటాయి. ఒళ్లు విల్లులా వంగిపోతే ధనుర్వాతం. కాలు ఉబ్బితే బోదకాలు. కళ్లు పచ్చబడితే పచ్చకామెర్లు. వణికించే చలితో వస్తే చలిజ్వరం. ఒంటి మీద ముత్యాల్లాంటి పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవారు, ముత్యాలమ్మకు, పోచమ్మకు మొక్కుకునేవారు. వాంతులు, విరేచనాలతో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయితే అది గత్తర. ఈ మాట పాలమూరు పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది.

మనమే కాదు, ప్రపంచమంతా ఇలాగే పేర్లు పెట్టింది. మలేరియా అంటే ఇటలీ భాషలో ‘చెడు గాలి’. చిత్తడి నేలల నుంచి వచ్చే దుర్వాసనే దీనికి కారణమని ఒకప్పుడు నమ్మేవారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాకే గాలి తప్పేమీ లేదని తేలింది. అప్పటికే పాతుకుపోయిన పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

కంటికి కనిపించే లక్షణాన్ని బట్టి పెట్టిన పేరుతో చిక్కేమిటంటే.. ఒకే లక్షణం వెనక ఎన్నో కారణాలు ఉండొచ్చు. పచ్చకామెర్లనే చూడండి. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ వల్లా కళ్లు పచ్చబడతాయి. రక్తం ద్వారా సోకే హెపటైటిస్ బీ, సీ వల్లా పచ్చబడతాయి. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా అంతే. మొదటివాటిలో చాలావరకు విశ్రాంతితో తగ్గిపోతాయి. రెండోవి ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేయగలవు. మూడోదానికి రాయిని తొలగించాల్సి రావొచ్చు. ‘కామెర్లకు పసరు’ అంటూ తిరిగే కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే. కామెర్లు అనేది జబ్బు కాదు, లక్షణం. జబ్బు పేరు దాని వెనక ఉంటుంది.

‘విషజ్వరం’ సంగతీ అంతే. లాటిన్‌లో ‘వైరస్’ అంటే విషమనే అర్థం. ఆ లెక్కన ‘విషజ్వరం’ అనేది వైరల్ ఫీవర్‌కు సరిపోయే మాటే. కానీ అది ఒక్క జబ్బు పేరు కాదు, పెద్ద గంప. డెంగీ, చికున్‌గన్యా, ఫ్లూ.. ఇలా ఎన్నో అందులో ఉంటాయి. వైరస్‌తో సంబంధమే లేని టైఫాయిడ్‌ను, మలేరియాను కూడా మనం అందులోనే వేసేస్తుంటాం.

2003: పేరు కోసం వెతికిన రోజులు

పేరు తెలియకపోతే ఎంత నష్టమో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, ముఖ్యంగా తెలంగాణ జిల్లాలకు, 2003లో తెలిసొచ్చింది. ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు వరకు పల్లెల్లో పిల్లలు ఉన్నట్టుండి జబ్బుపడ్డారు. తీవ్రమైన జ్వరం, వాంతులు, ఆ వెంటనే ఫిట్స్, స్పృహ తప్పడం. చాలామంది ఒకట్రెండు రోజుల్లోనే చనిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే చేయి దాటిపోయిన ఇళ్లెన్నో. అధ్యయనంలో నమోదైన 329 మంది పిల్లల్లో 183 మంది మరణించారు. అంటే సగానికి పైగా!

మొదట అందరి అనుమానం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికి, అంటే జేఈ మీదికి వెళ్లింది. అందులో వింతేమీ లేదు. అంతకు నాలుగేళ్ల ముందే, 1999లో, రాష్ట్రంలో జేఈ విజృంభించింది. జనం భాషలో అన్నీ ‘మెదడువాపు’ జ్వరాలే. కానీ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పిల్లల నమూనాలను పరీక్షించినప్పుడు దొరికింది వేరే వైరస్. దాని పేరు చండీపురా.

ఆ వైరస్ కొత్తదేం కాదు. 1965లో మహారాష్ట్రలోని నాగ్‌పూర్ దగ్గర చండీపురాలో జ్వరపడిన ఇద్దరి రక్తంలో శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. దొరికిన ఊరి పేరే దానికి పెట్టారు. ఆ తర్వాత దాదాపు నాలుగు దశాబ్దాలు అది ఎవరికీ పెద్దగా పట్టని పేరుగా ఉండిపోయింది.

జేఈ అయితేనేం, చండీపురా అయితేనేం, రెండూ మెదడు మీదే కదా దెబ్బకొట్టేవి అనిపించొచ్చు. కానీ నివారణ దగ్గర రెండింటి దారులూ వేరు.

జేఈని మోసేది క్యూలెక్స్ జాతి దోమ. అది వరి మడుల్లో, నిలిచిన నీటిలో పెరుగుతుంది. వైరస్ పందుల్లో, కొంగల్లాంటి నీటిపక్షుల్లో వృద్ధి చెందుతుంది. కాబట్టి జేఈ అని తేలితే పందులను ఇళ్లకు దూరంగా ఉంచాలి, దోమలను అదుపు చేయాలి, పిల్లలకు టీకా వేయించాలి.

చండీపురాను మోసేది ప్రధానంగా ఇసుక ఈగ. దోమ కంటే చిన్నది, రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. మట్టిగోడల పగుళ్లలో, చీకటి మూలల్లో దాక్కుంటుంది. పశువుల కొట్టాల దగ్గర, పేడ కలిసిన తేమ మట్టిలో పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ చేయాల్సింది గోడల పగుళ్లు పూడ్చడం, ఇంటి లోపలి గోడలకు మందు కొట్టించడం, కొట్టాన్ని ఇంటికి దూరంగా పెట్టి శుభ్రంగా ఉంచడం. దీనికి టీకా ఇంకా లేదు. జేఈ అనుకుని పందులను మాత్రమే తరిమితే ఇసుక ఈగ గోడ పగులులో హాయిగా ఉంటుంది.

అప్పుడు మరో చర్చ కూడా నడిచింది. అసలు దీన్ని ‘మెదడువాపు’ అనొచ్చా? కొందరు పిల్లల వైద్యులు ఇది వాపు కాదని, మెదడు రక్తనాళాలు దెబ్బతిని పక్షవాతంలాంటి పరిస్థితి వస్తోందని వాదించారు. ‘ఎపిడెమిక్ బ్రెయిన్ ఎటాక్’ అన్న పేరు పెట్టారు. వైరాలజీ నిపుణులు ఎన్‌సెఫలైటిస్ అనే అన్నారు. బయటివారికి మాటల గొడవలా కనిపించినా, వార్డులో పిల్లవాడి పక్కన నిలబడిన డాక్టరుకు అది చికిత్స ప్రశ్న.

ఆ పేరు మళ్లీ 2024లో వార్తల్లోకొచ్చింది. జూన్ నుంచి ఆగస్టు 15 వరకు, ఎక్కువగా గుజరాత్‌లో, తీవ్ర మెదడువాపు లక్షణాలతో 245 కేసులు నమోదయ్యాయి. 82 మంది చనిపోయారు. మొత్తం 245 కేసుల్లో 64 మందికి చండీపురా సోకినట్టు పరీక్షల్లో తేలింది. మిగతావారికి? అందుకే వైద్యులు ముందుగా ‘అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్’ అనే పెద్ద గొడుగు పేరు వాడతారు. జ్వరంతో పాటు స్పృహలో తేడా, ఫిట్స్ ఉంటే ముందు ఆ పేరుతో చికిత్స మొదలుపెడతారు. పరీక్షలు వచ్చాక అసలు పేరు రాస్తారు. గొడుగు పేరు చికిత్సను ఆలస్యం కానివ్వదు. అసలు పేరు నివారణకు దారి చూపుతుంది. రెండూ కావాలి.

పాలమూరు పల్లెల్లో ఈ రెండు రకాల పరిసరాలూ ఉన్నాయి. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో వరి మడులు పెరిగాయి. మరోపక్క పాత మట్టిమిద్దెలు, రాతిగోడల ఇళ్లు, వాటికి ఆనుకునే పశువుల కొట్టాలు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నాయి. కాబట్టి దోమతెర ఎంత ముఖ్యమో, గోడ పగుళ్లు పూడ్చుకోవడమూ అంతే ముఖ్యం.

ఒక అక్షరం తేడా.. మందు వేరు

టైఫాయిడ్, టైఫస్. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. నిజానికి టైఫాయిడ్ అంటేనే ‘టైఫస్ లాంటిది’ అని అర్థం. ఒకప్పుడు రెండూ ఒకటే అనుకునేవారు. 1850 ప్రాంతంలో బ్రిటన్ వైద్యుడు విలియం జెన్నర్ రెండింటి తేడాను స్పష్టంగా చూపాడు.

టైఫాయిడ్ కలుషిత నీరు, ఆహారంతో వస్తుంది. స్క్రబ్ టైఫస్ అలా కాదు. పొదలు, గడ్డి ఉండే చోట్ల కంటికి సరిగా కనిపించని చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. ‘స్క్రబ్’ అంటేనే పొదలు. పొలం గట్ల మీద పనిచేసేవారు, గడ్డి కోసేవారు, నల్లమల అంచు ఊళ్లలో కట్టెలకు, మేకలను మేపడానికి వెళ్లేవారు దీని గురించి తెలుసుకోవాలి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించొచ్చు. నొప్పి ఉండదు. చంకలోనో, గజ్జల్లోనో, నడుం దగ్గరో ఉంటే ఎవరూ గమనించరు.

రెండూ బ్యాక్టీరియా జబ్బులే అయినా మందులు వేరు. టైఫాయిడ్‌కు విరివిగా వాడే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ స్క్రబ్ టైఫస్ మీద పనిచేయదు. దీనికి డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ కావాలి. సరైన మందు సకాలంలో పడితే జ్వరం ఒకట్రెండు రోజుల్లోనే దిగొస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినొచ్చు. విడాల్ పరీక్ష ఒక్కసారి పాజిటివ్ రాగానే టైఫాయిడ్ అని తేల్చేసుకోవడం మనకు అలవాటు. కానీ ఒక్క విడాల్ ఫలితం నమ్మదగిన సాక్ష్యం కాదు. నాలుగైదు రోజుల మందులకు జ్వరం తగ్గకపోతే ‘పేరు సరైనదేనా?’ అని డాక్టరును అడగడంలో తప్పులేదు.

వైరస్‌లకూ ఇంటిపేర్లు

జబ్బు పేరు వేరు, దాన్ని తెచ్చే వైరస్ పేరు వేరు. కొవిడ్-19 జబ్బు. సార్స్-కోవ్-2 దాని వైరస్. ఎయిడ్స్ జబ్బు. హెచ్ఐవీ దాని వైరస్. జబ్బులకు పేరు, వర్గీకరణ ఇచ్చేది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వైరస్‌ల వర్గీకరణ చూసేది వైరస్ వర్గీకరణ అంతర్జాతీయ సంఘం, అంటే ఐసీటీవీ. ఇది 1966 నుంచి ఈ పని చేస్తోంది.

వైరస్‌ను వర్గీకరించేటప్పుడు అది ఏ జబ్బు తెస్తుందన్నది ప్రధానం కాదు. దాని జన్యుపదార్థం డీఎన్ఏనా, ఆర్ఎన్ఏనా? ఒక పోగా, రెండు పోగులా? ఏ వైరస్‌తో ఎంత దగ్గరి చుట్టరికం? ఇవే చూస్తారు. అందుకే ఆశ్చర్యపరిచే బంధుత్వాలు బయటపడతాయి. జేఈ, చండీపురా రెండూ మెదడు మీదే దెబ్బకొడతాయి కానీ ఒకదానికొకటి ఏమీ కావు. జేఈకి దగ్గరి చుట్టం డెంగీ. చండీపురా వైరస్ పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ కుటుంబానికి చెందింది. రెండూ తుపాకీ గుండు ఆకారంలోనే ఉంటాయి.

2021 నుంచి ప్రతి వైరస్ జాతికీ రెండు మాటల పేరు ఉండాలని ఐసీటీవీ నియమం పెట్టింది. ముందు ప్రజాతి పేరు, తర్వాత జాతి పేరు. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు, మనం ఇంటిపేరు ముందు చెప్పి ఆ తర్వాత అసలు పేరు చెప్పుకోమూ? అలాగే చండీపురా ఇప్పుడు ‘వెసిక్యులోవైరస్ చండీపురా’. రేబిస్ ‘లిస్సావైరస్ రేబిస్’. చికున్‌గన్యా ‘ఆల్ఫావైరస్ చికున్‌గన్యా’. పేరు చూడగానే ఏ ఇంటి పిల్లో తెలిసిపోతుంది. వాడుకలో మాత్రం పాత పేర్లే ఉంటాయి.

ఊరికి, జంతువుకు అంటిన మచ్చ

చికున్‌గన్యా పేరు వినగానే చాలామందికి కోడి గుర్తొస్తుంది. 2005-06లో ఆ జ్వరం మన రాష్ట్రాన్ని కుదిపేసినప్పుడు చికెన్ తింటే వస్తుందన్న భయం బాగా పాకింది. నిజానికి కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1952-53లో ఇప్పటి టాంజానియాలో ఈ జబ్బు బయటపడింది. అక్కడి మకొండే భాషలో ఆ మాటకు ‘వంగిపోయేలా చేసేది’ అని అర్థం. కీళ్లనొప్పులతో మనిషి వంగిపోయి నడవడాన్ని చూసి పెట్టిన పేరు. మన ధనుర్వాతం లాగే!

‘స్వైన్ ఫ్లూ’ పేరు ఇంకా పెద్ద నష్టం తెచ్చింది. 2009లో ఈజిప్టు దేశంలోని పందులన్నింటినీ చంపించేసింది. అప్పటికి అది మనిషి నుంచి మనిషికి పాకుతున్న ఫ్లూ. అందుకే దాన్ని హెచ్1ఎన్1 అని పిలవడం మొదలుపెట్టారు. వైరస్ పైనుండే రెండు ప్రొటీన్ల రకాలను చెప్పే పేరది. 1918 నాటి ‘స్పానిష్ ఫ్లూ’ కూడా స్పెయిన్‌లో పుట్టిందని పెట్టిన పేరు కాదు. యుద్ధకాలంలో ఇతర దేశాల పత్రికల మీద ఆంక్షలుంటే, స్పెయిన్ పత్రికలు మాత్రం దాని గురించి రాశాయి. నిజం రాసినందుకు జబ్బు ఆ దేశానికి అంటుకుంది!

వీటన్నిటి నుంచీ నేర్చుకుని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు ఇచ్చింది. కొత్త జబ్బుకు ఊరి పేరు, మనిషి పేరు, జంతువు పేరు, వృత్తి పేరు, భయపెట్టే మాట పెట్టొద్దంది. 2020 ఫిబ్రవరి 11న ప్రకటించిన ‘కొవిడ్-19’ ఆ నియమాల ప్రకారం పుట్టిందే. ‘ఇండియన్ వేరియంట్’ అని కొందరు పిలుస్తున్న రకానికి 2021 మే 31న ‘డెల్టా’ అని గ్రీకు అక్షరం పేరు పెట్టారు. 2022 నవంబరులో మంకీపాక్స్ ‘ఎంపాక్స్’ అయ్యింది. ఆ నియమాలు ముందే ఉంటే చండీపురా అన్న ఊరి పేరు ఈనాడు ఒక మరణాల జాబితాకు తలపట్టీగా ఉండేది కాదు.

ఆశ కార్యకర్త నుంచి జెనీవా దాకా

మన ఊళ్లో జ్వరానికి పేరు పడటం మూడు మెట్లలో జరుగుతుంది. ఆశ కార్యకర్త, ఏఎన్ఎం ఇంటికొచ్చినప్పుడు లక్షణాన్ని రాసుకుంటారు. ‘జ్వరం, ఒంటి మీద దద్దుర్లు’ అని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూసి ‘డెంగీ అనుమానం’ అంటారు. ల్యాబ్ పరీక్ష వచ్చాక ‘డెంగీ’ అని ఖాయమవుతుంది. 2004లో మొదలైన జాతీయ వ్యాధి నిఘా కార్యక్రమంలో ఈ మూడింటికీ వేర్వేరు ఫారాలు ఉన్నాయి. ఒకే వీధిలో నాలుగిళ్ల నుంచి ఒకే లక్షణం నమోదైతే పేరు ఖాయం కాకముందే అధికారులు కదలొచ్చు. కాబట్టి ఆశ అడిగినప్పుడు ‘ఏం లేదమ్మా, కొంచెం జరం’ అని పంపేయకండి. ఎన్ని రోజులు, ఇంకా ఎవరికి ఉందో చెప్పండి.

ఆపై ప్రతి జబ్బుకూ ఒక కోడ్ ఉంటుంది. దాన్నే ఐసీడీ అంటారు. మరణ కారణాల జాబితాగా 1893లో మొదలైంది. 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చూస్తోంది. 11వ కూర్పు 2022 జనవరి 1న అమల్లోకొచ్చింది. మన ఆసుపత్రుల్లో విరివిగా కనిపించే పదో కూర్పులో టైఫాయిడ్‌ది ఏ01.0, స్క్రబ్ టైఫస్‌ది ఏ75.3. 2024 జనవరిలో ఆయుర్వేద, సిద్ధ, యునాని వైద్యాల వ్యాధి పదాలనూ 11వ కూర్పులో చేర్చారు.

మరణ ధ్రువీకరణలోనూ పేరు ముఖ్యమే. ‘గుండె ఆగి చనిపోయారు’ అన్నది కారణం కాదు. ప్రతి మరణంలోనూ గుండె ఆగుతుంది. ఎందుకు ఆగిందన్నదే కారణం. అది రాయకపోతే ఆ జిల్లాలో ఏ జబ్బు ఎందరిని తీసుకెళ్తోందో లెక్క తేలదు. లెక్క తేలని జబ్బుకు మందులూ, నిధులూ రావు.

ఇంట్లో ఇవి పాటించండి

* ‘జ్వరం’తో సరిపెట్టుకోవద్దు. ‘ఏ జ్వరమని అనుకుంటున్నారు? అనుమానమా, ఖాయమా?’ అని డాక్టరును అడగండి. ‘ఇంకా తెలియదు, రెండు రోజులు చూద్దాం’ అన్నా అది నిజాయతీ గల జవాబే.

* డెంగీ పరీక్షకు రోజు ముఖ్యం. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష ఎక్కువ నమ్మదగినవి. అందుకే జ్వరం మొదలైన తేదీ రాసిపెట్టుకోండి.

* పేరు తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దు. డెంగీ అయితే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

* తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, బాగా నీరసం.. ఇవి డెంగీలో ప్రమాద సూచనలు. జ్వరం తగ్గినా ఆసుపత్రికి వెళ్లాలి.

* జ్వరంతో ఉన్న పిల్లలకు ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా, మాట తడబడినా ఆలోచించొద్దు. తెల్లారేదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేసి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

* పొలం, అడవి పనులకు వెళ్లేవారికి జ్వరమొస్తే ఒళ్లంతా వెతికి నల్లటి పెచ్చు ఉందేమో చూడండి. ఉంటే డాక్టరుకు చూపండి.

* పిల్లలను నేల మీద పడుకోబెట్టకండి. సన్నని కళ్లున్న దోమతెర వాడండి. మామూలు తెరలోంచి ఇసుక ఈగ దూరిపోగలదు.

* డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు స్పష్టంగా ఉందో లేదో ఇంటికొచ్చేముందే చూసుకోండి. బీమాకే కాదు, రేపు మరో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అదే మీ చేతిలోని ఆధారం. పాత కాగితాలన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో దాచిపెట్టండి.

ఇప్పుడు మూడు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఒకప్పుడు జబ్బు పేరు తెలుసుకోవడానికే కర్నూలో, హైదరాబాదో పోవాల్సి వచ్చేది. ఆ ప్రయాణంలోనే కరిగిపోయిన గంటలు ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. వాటిని ‘ఏదో విషజ్వరమంట’ అన్న మాటతో పోగొట్టుకోవద్దు.